ఏనుగు వెనక కాళ్లు

నమోదు 1

ఇంటర్న్‌షిప్‌లో ఏమేం ఎదురవుతాయో, తర్వాత వచ్చే బ్యాచ్‌కి ఉపయోగపడేలా రోజూ రాయమని కాలేజీ చెప్పింది. రోజూ రాయడం నా వల్ల కాదు. రాసిన రోజు మాత్రం అబద్ధం రాయను.

ముందుగా చెప్పేదేమంటే, బ్రోచరు మీద బొమ్మ చూసి మోసపోకండి. తెల్ల కోటు వేసుకుని, చేతిలో పానా పట్టుకుని, పెద్దపులి దవడ బిగిస్తూ నవ్వుతుందే ఒక అమ్మాయి, ఆవిడ ఇక్కడ లేదు. ఎప్పుడూ లేదట. నేను మూడేళ్లు చలనయంత్రాలు చదివి, పొద్దు పొడవకముందే గొడుగుపట్నం చేరే ఆఖరి లారీ ఎక్కి, నుంచునే వచ్చి, 'అడవిలోకం' పార్కు గేటు ముందు దిగాను. తొడుగుల విభాగం సూపర్‌వైజరు కృపానందం గారు నన్ను పైనుంచి కిందికి చూసి, టేపుతో నడుము దాకా కొలిచి, "వెనక కాళ్లు" అన్నారు.

"ఏంది సార్?" అన్నాను.

"ఏనుగుకి వెనక కాళ్లు నువ్వేనమ్మా. మంచి పిక్కలున్నాయి నీకు."

మా నెల్లూరు వైపు ఎవడైనా నా పిక్కల మాటెత్తితే పళ్లు రాలగొట్టేదాన్ని. కానీ ఇక్కడ పట్నమంతటికీ కప్పిన గొడుగు కింద చల్లగా ఉంది. బయట పగలంతా గోతుల్లో పడుకుని, ఎండ పోయాక పొలానికి పోయే మనబోటి వాళ్లకి ఆ చల్లదనం తగలగానే సగం కోపం చచ్చిపోతుంది. ఇంటర్న్‌షిప్ గట్టెక్కితే గొడుగు కార్డు ఇస్తారు. ఇక జన్మలో బయటికి పోనక్కర్లేదు. అందుకని నోరు మూసుకున్నాను.

ముందు కాళ్ల అమ్మాయి పేరు నూకరత్నం. శ్రీకాకుళం వైపు పిల్ల, వేరే కాలేజీ. ఆమెని ఎంచింది నాలుక చూసి. వేళాకోళం కాదు. కృపానందం గారు ఆమె చేత నాలుక బయట పెట్టించి, అటు తిప్పించి, ఇటు తిప్పించి, ముక్కు కొసకి ఆనించమని చూశారు. ఏనుగు తొండానికి కీలు నాలుకేనట. మెడకి ఒక పట్టీ కడతారు. నాలుక ఎత్తితే తొండం లేస్తుంది, ముడిస్తే ముడుచుకుంటుంది. ఆ పట్టీ ఉన్నంతసేపూ గొంతు పలకదు, మాట రాదు.

"ఒలమ్మో! రోజంతా నోరు మూసుకోవాలా? నాను సచ్చిపోతాను బాబూ!" అంది రత్నం.

ఆ మాట నమ్మబుద్ధేసింది. గేటు నుంచి మా గదికి నడిచేలోపల వాళ్ల ఊరి సంగతి, వాళ్లమ్మ సన్యాసమ్మ సంగతి, లారీలో పక్కన కూర్చున్నవాడి గురక సంగతి అన్నీ చెప్పేసింది. మూకుట్లో పేలాలు వేగినట్టు మాటలు. ఈ పిల్లతో వేగడం ఎట్టారా దేవుడా అనుకున్నాను.

నమోదు 2

ఇక్కడ పులులూ జింకలూ ఎలుగుబంట్లూ అన్నీ యంత్రాలే. ఏనుగులో మాత్రం మనుషులు. ఎందుకని అడిగాను. యంత్రం ఏనుగుని కూడా చేసి చూశారట. పిల్లలు కాసేపు చూసి పక్కకి పోయారట. యంత్రానికి విసుగు రాదు, దురద పుట్టదు, ఒకర్ని చూసి ముచ్చటపడి ఇంకొకర్ని చూసి మొహం తిప్పుకోదు. పిల్లల్ని మోసం చేయడం కష్టమబ్బా. వీళ్లు పిల్లిని కూడా చూసి ఎరగరు, అయినా ఏది బతికుందో ఏది కాదో వాళ్లకి తెలుస్తుంది.

ఏనుగు పేరు గున్నమ్మ. మొదటి పాఠం: గున్నమ్మ తొడుగు కాదు. గున్నమ్మ గున్నమ్మే. పార్కు లోపల ఎక్కడా 'తొడుగు' అనకూడదు, అతిథుల ముందు దాన్ని విప్పకూడదు. తొడుగు విచ్చుకోవడం అతిథుల కంట పడిందంటే ఆ జంతువు కథ ముగిసినట్టే. దాన్ని మళ్లీ బయటికి తీయరు. లోపలున్నవాళ్లని ఆ రోజే లారీ ఎక్కిస్తారు.

రెండో పాఠం నడక. వెనక కాళ్లకి కళ్లుండవు. నేను నడుం వంచి, చీకట్లో, రత్నం నడుముకి కట్టిన బెల్టు రెండు చేతులా పట్టుకుని నడవాలి. తను మాట్లాడే వీలు లేదు కాబట్టి నా వేళ్ల మీద కొట్టి చెబుతుంది. ఒక దెబ్బ కొడితే నడువు. రెండు కొడితే ఆగు. ఏ వైపు గీస్తే అటు తిరుగు. గిల్లితే పేడ వదులు. పేడ సంచీ తాడు నా మోచేతి దగ్గరే ఉంటుంది. మూడేళ్ల చదువు ఇందుకు అక్కరకొచ్చింది.

మొదటి రోజు గున్నమ్మ ముందు సగం చెరువు వైపు పోతే వెనక సగం గేటు వైపు పోయింది. ఇద్దరం దభీమని పడ్డాం. పట్టీ తీయగానే రత్నం నన్ను తిట్టిన తిట్లు రాస్తే కాలేజీ వాళ్లు మార్కులు తీసేస్తారు.

సగం తిట్లు తిట్టబోయి తిట్టలేకపోయింది కూడా. పట్టీ తీసిన వెంటనే మాట సరిగ్గా రాదు. నాలుక ఇంకా తొండంగానే ఉంటుంది, "నీ" అనబోతే "ఊ" అంటుంది. అందుకని ఇక్కడ 'నాలుక విడుపు' అని ఒక అలవాటుంది. పని దిగాక, అన్నానికి ముందు, ముందు కాళ్లూ వెనక కాళ్లూ ఎదురెదురుగా కూర్చోవాలి. ముందు కాళ్లు మాట్లాడుతూనే ఉండాలి, ప్రతి అక్షరం తేటగా పలికేదాకా వెనక కాళ్లు వదలకూడదు. ఏ యంత్రమూ దీన్ని చూసుకోదు. పాతవాళ్లు పెట్టుకున్న పద్ధతి, ఎవరి జత వాళ్లదే.

"ఎర్ర లారీ తెల్ల లారీ అనుమే" అన్నాను.

"ఎల్ల లాయీ తెల్ల లాయీ" అంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

నమోదు 5

గున్నమ్మకి పేరొచ్చింది. గొప్ప చెప్పుకోవడం కాదు. పులి దగ్గర క్యూ లేదు, మా దగ్గర గేటు దాకా ఉంది.

అదంతా రత్నం చలవే. ఒక ముసలాయన కళ్లజోడు తొండంతో తీసి తను పెట్టుకుందట. జనం నవ్విన నవ్వు లోపల నాకు వినబడింది. ఇంకో రోజు ఒక పసిపిల్ల తొండం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. రత్నం కదల్లేదు. నాకు నడుం విరిగిపోతోంది, వేళ్ల మీద మాత్రం రెండు దెబ్బలు, మళ్లీ రెండు దెబ్బలు, ఆగు, ఆగు. ఆ పిల్ల లేచేదాకా ఆగాం. కృపానందం గారు ఆ సాయంత్రం మా ఇద్దరికీ తలో మామిడిపండు ముక్క ఇచ్చారు. చెట్టున కాసిన పండట. నేను తొక్క కూడా తిన్నాను.

పని దిగాక తొడుగుని ఊకతో రుద్ది శుభ్రం చేయాలి, ఇక్కడ కూడా నీళ్లు అందుకు ఇవ్వరు. చిరుగులు కుట్టాలి. నడుం దగ్గర, ముందు భాగం వెనక భాగం కలిసే చోట, మర్నాటికి కొత్త తాడు పేని పెట్టుకోవాలి. పొద్దున లోపలికి దూరాక దాన్ని అల్లి బిగించేది నేనే. ఇదంతా అయ్యేసరికి ప్రాణం గొంతులోకి వస్తుంది. "విడుపు రేపు చేద్దాంలే" అని నేనే అన్నాను. రత్నం అప్పటికే సగం నిద్రలో ఉంది.

అయినా మాకు మాటలతో పనేముంది? భోజనాల హాలులో పక్కపక్కన కూర్చుని బల్ల కింద వేళ్ల మీద కొట్టుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నాం. కొత్త దెబ్బలు కనిపెట్టాం. కృపానందం గారికి ఒక గుర్తు, సాంబారు బాగా లేదనడానికి ఒక గుర్తు, పద పోదాం అనడానికి ఒకటి. పక్కవాళ్లకి ఏమీ తెలియదు, మాకు మాత్రం నవ్వాగదు. ఇంత స్నేహం నాకు కాలేజీలో ఎవరితోనూ కుదరలేదు.

నమోదు 8

ఆదివారం బయటి లైను కలుపుతారు. గొంతు మాత్రమే, బొమ్మ రాదు. రత్నం వాళ్లమ్మ సన్యాసమ్మ గారు ఎత్తుకోవడమే తిట్లతో ఎత్తుకున్నారు.

"ఒలే గుంటా! పోయిన వారం కూడా మాటాడనేదు. అన్నం తింతన్నావా?"

"ఊఁ" అంది రత్నం.

"పని బాగుందా?"

"ఊఁ."

"ఊఁ ఏటే? నీ నోరు ఎవులికైనా అద్దెకిచ్చినావా?"

రత్నం నా వైపు చూసింది. బల్ల మీద ఉన్న నా చేతి మీద కొట్టింది: నువ్వు చెప్పు. నేను ఫోను దగ్గరికి జరిగి, "పిన్నమ్మా, నేను పెంచలని, రత్నం జతని. దానికి గొంతు పట్టేసింది, అంతే. రెండు రోజుల్లో తగ్గిపోద్ది" అన్నాను. వాళ్లమ్మ మిరియాల కషాయం ఎలా కాచాలో చెప్పింది. ఇక్కడ మిరియాలెక్కడివి తల్లీ.

ఫోను పెట్టేశాక అడిగాను. "ఏందిమే, మీ అమ్మతో కూడా మాట్లాడవా?"

భుజాలు ఎగరేసింది. నా వేళ్ల మీద కొట్టింది: పద పోదాం.

అప్పుడు లెక్క చూసుకుంటే ఈ వారమంతా దాని నోటి నుంచి నేను విన్న మాట ఒక్కటీ గుర్తు రాలేదు. తిట్టు కూడా లేదు. రేపటి నుంచి విడుపు మానకూడదు.

నమోదు 9

మానలేదు. ఎదురుగా కూర్చోబెట్టాను. "ఎర్ర లారీ" అన్నాను.

"ఊఊ" అంది.

"సరే, లారీ వద్దు. నీ పేరు చెప్పు."

నోరు తెరిచింది. నాలుక పైకి లేచి అంగిట్లో ఆని, పక్కకి తిరిగి, ముడుచుకుంది. గొంతులోంచి గాలి వచ్చింది, మాట రాలేదు. తను భయపడలేదు, భయం నాకే. భోజనాల హాలులో మజ్జిగ గ్లాసు ముందు పెడితే చేత్తో తీసుకోలేదు. మొహం వంచి, పెదాలు ముందుకు చాచి, గ్లాసు అంచు వెతుక్కుంది. అక్కడున్నవాళ్లు వేషం అనుకుని చప్పట్లు కొట్టారు.

ఎంత తెలివితక్కువ దాన్ని! మాటతో పని లేకుండా చేసింది నేనే. నేను వేళ్లు అందించకపోతే సాంబారు అడగడానికైనా అది నోరు తెరిచేది. బల్ల కింద మేం కనిపెట్టుకున్న ఒక్కో గుర్తుకీ దాని నోట్లో ఒక్కో మాట చచ్చిపోయింది. స్నేహం అనుకున్నాను, నా మొహం. ఇవాళ్టి నుంచి అది నా చెయ్యి మీద కొడితే చెయ్యి తీసేస్తున్నాను. తీసేసినప్పుడల్లా అది చూసే చూపు భరించలేకపోతున్నాను.

నమోదు 10

కృపానందం గారి దగ్గరికి పోయాను. మంచి మనిషి. కూర్చోబెట్టి టీ పోయించారు.

"రత్నానికి మాట పడిపోయింది సార్. డాక్టరుకి చూపించండి. దాన్ని ముందు కాళ్ల నుంచి తీసేయండి."

"చూడమ్మా పెంచలా," అన్నారు నెమ్మదిగా, "నేను ఈ పార్కులో తల నెరిసినవాణ్ణి. ఇలాంటి ముందు కాళ్లని ఇంతవరకూ చూడలేదు. మిగతావాళ్లు తొండం ఆడిస్తారు. ఆ అమ్మాయి ఆడించదు. అది దానంతటదే ఆడుతుంది. కళ అంటే అదే కదా?"

"కళ కాదు సార్, రోగం. వాళ్లమ్మతో మాట్లాడలేకపోతోంది."

"సెలవుల సీజను అయిపోనీ. విశ్రాంతి ఇద్దాం. నాలుక కండరమే కదమ్మా, ఎక్కడికీ పోదు."

"పోతే?"

ఆయన టీ కప్పు కింద పెట్టారు. ఆయన కళ్లలో కూడా కాస్త భయం కనబడింది, అబద్ధం చెప్పను. కానీ బయట క్యూలో పిల్లలు గున్నమ్మా గున్నమ్మా అని అరుస్తున్నారు. ఆయన కిటికీ వైపు తిరిగి, "ఇంకో నాలుక దొరకాలి కదమ్మా" అన్నారు.

నమోదు 11

కాలేజీకి ఫోన్ చేశాను. ఇంటర్న్‌షిప్ చూసే మేడం మొదట విన్నది, తర్వాత కంప్యూటరు చూసి చెప్పింది. కాలేజీలు వేరైనా, పార్కు పంపేది మా ఇద్దరికీ కలిపి ఒకటే మార్కుల షీటు. ఒక జంతువు, ఒక షీటు. నేను మానేస్తే రత్నం ఫెయిలు, రత్నం మానేస్తే నేను ఫెయిలు, ఇద్దరికీ కార్డు రాదు.

"పోనీ ఆమె సంతకం చేసి ఇస్తే చూద్దాం. ఆమె మానేస్తానంటోందా?"

ఆ మాటే నేను ఇంతవరకూ అడగలేదు. గదికి వచ్చి కాగితం, పెన్సిలు ఇచ్చాను. "మానేద్దామా మే? మా ఊరు పోదాం. గోతిలో పడుకుందాం. పోతే పోయింది కార్డు."

పెన్సిలు పట్టుకోవడం దానికి కష్టమైంది. ఓపిగ్గా వంకర అక్షరాలు రాసింది. 'లోపల బాగుంది. పిల్లలు ముట్టుకుంటారు.'

"నీకేం కావాలి రత్నం?"

రాయలేదు. పెన్సిలు నోట కరుచుకుని అటూ ఇటూ ఊగుతూ నుంచుంది.

నమోదు 13

ఆదివారం, మాకు సెలవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాన్ని మంచం మీద కూర్చోబెట్టి అన్నీ చేశాను. నాలుక పట్టుకుని లాగాను. తేనె పెదవి పైన రాసి నాకించాను. వాళ్ల ఊరి మాటలు అన్నాను, తప్పుగా అంటే దిద్దుతుందని. "ఒలమ్మో" అనాల్సింది "ఓలమ్మా" అన్నాను. దిద్దలేదు. మా అవ్వ మొక్కే పెంచలకోన నరసింహస్వామికి తల నీలాలు మొక్కుకున్నాను. ఆఖరికి విసుగొచ్చి జబ్బ మీద గట్టిగా గిల్లాను. అబ్బా అని అంటుందేమోనని.

అనలేదు. కళ్లనిండా నీళ్లు వచ్చాయి, ముక్కుతో గాలి వదిలింది. అంతే. నేను దాన్ని పట్టుకుని భోరున ఏడ్చాను. తను నా నెత్తి మీద గడ్డం ఆనించి నెమ్మదిగా ఊగింది. ఓదారుస్తోంది నన్ను. ఎవరు ఎవర్ని ఓదార్చాలబ్బా!

సాయంత్రం లైను కలిపారు. వాళ్లమ్మకి ఈసారి గొంతునొప్పి కథ చెల్లలేదు.

"ఒలే పెంచలా, నాకు కల్లబొల్లి కబుర్లు సెప్పకు. నా పిల్ల కడుపులో ఉన్నప్పుడు కూడా నోరు ముయ్యనేదు. అదక్కడుందా, నేదా?"

"ఉంది పిన్నమ్మా. నా పక్కనే ఉంది."

"అయితే ఒక్క మాట అనమను. తిట్టమను నన్ను. దగ్గమను, సాలు."

ఫోను రత్నం నోటి దగ్గర పెట్టాను. లైను అయిపోయేదాకా పట్టుకునే ఉన్నాను. అటు నుంచి "అమ్మా, రత్నమా" అని పిలుస్తూనే ఉంది. రత్నం ఫోను వాసన చూసింది.

నమోదు 14

పని దిగాక కృపానందం గారు మా గదికి వచ్చారు. చేతిలో పూల దండ. గున్నమ్మకి సీజను మొత్తం 'నిండు రోజు' ఇచ్చారట. అంటే పొద్దున్నా సాయంత్రమూ తొడుక్కోవడం విప్పడం ఉండదు. రేపు సాయంత్రం నుంచి ముందు కాళ్లు పట్టీ తీయదు. ఏనుగుల కొట్టంలోనే గడ్డి పరుపు, అక్కడే తిండి. అతిథులు నిద్రపోతున్న గున్నమ్మని కూడా అద్దంలోంచి చూడవచ్చు. వెనక కాళ్లు మాత్రం మామూలే, వచ్చి పోవచ్చు.

"ఎప్పటిదాకా సార్?"

"సీజను చివరిదాకా."

"అప్పుడు పట్టీ తీస్తే ఏం మిగుల్తాది సార్ అందులో?"

ఆయన దండ రత్నం మెడలో వేయబోయారు. అది మెడ వంచి, ఎంతో మర్యాదగా, ఒక బంతిపువ్వు పెదాలతో తెంపుకుని నమిలింది. కృపానందం గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తలుపు దగ్గర ఆగి, "నా చేతుల్లో లేదమ్మా, పైనుంచి వచ్చింది" అన్నారు. ఎవరి చేతుల్లోనూ లేదు ఇక్కడ. అందరికీ పైన ఎవరో ఒకరు ఉంటారు.

ఆలోచించాను. డాక్టరు లేడు, కాలేజీ లేదు, రత్నం తనంతట తను మాననంటోంది. మిగిలింది ఒక్కటే దారి. మొదటి పాఠంలోనే చెప్పారు. తొడుగు విచ్చుకోవడం అతిథుల కంట పడితే ఆ జంతువు కథ ముగిసినట్టే. రేపు పొద్దున నడుం తాడు బిగించేది నేను. విప్పేదీ నేనే.

కార్డు పోతుంది. గోతిలో పగటి ఉక్క, చెమటకి అతుక్కునే మట్టి, మా అవ్వ దగ్గు అన్నీ గుర్తొస్తున్నాయి. పోనీ. దానికి మాట వస్తే చాలు. ఒక్క తిట్టు తిడితే చాలు నన్ను.

నమోదు 15

పార్కు వెనక గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఎండ తగ్గాక లారీ. ఇంకా తగ్గలేదు.

తర్వాతి బ్యాచ్ వాళ్లకి జరిగింది జరిగినట్టు చెబుతాను. చెరువు దగ్గర ఆట మొదలైంది. అక్కడే జనం ఎక్కువ ఉంటారని నాకు తెలుసు. రత్నం ఒక దెబ్బ కొట్టింది, నడువు. నేను ఆగిపోయాను. మళ్లీ కొట్టింది. మళ్లీ, మళ్లీ. నడువు నడువు నడువు. నేను బెల్టు వదిలేసి చీకట్లో తాడు కొస వెతికాను. చేతులు చెమట పట్టి ముడి జారిపోతోంది. దానికి అర్థమైంది కాబోలు, చెయ్యి వెనక్కి పెట్టి నా మణికట్టు పట్టుకుంది. ఎంత బలం! "వదులుమే, నీ కోసమే, వదులు" అని అరిచాను. గున్నమ్మ కడుపులోంచి ఆడపిల్ల గొంతు వినబడేసరికి బయట నవ్వులు ఆగిపోయాయి.

తాడు ఊడింది. తొడుగు నడుం దగ్గర రెండుగా విచ్చుకుంది. వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. నేను దాని మీద పడి మెడ పట్టీ లాగేశాను. అది గిలగిలా కొట్టుకుంది. తొండం ఒకసారి పైకి లేచి, ఊడిపోయిన గొట్టంలా నేల మీద పడింది.

ఆ తర్వాత పిల్లల ఏడుపు. ఒకళ్లని చూసి ఒకళ్లు. తల్లులు పిల్లల కళ్లు మూస్తున్నారు, తండ్రులు నన్ను తిడుతున్నారు. వాళ్ల ముందే ఏనుగుని చంపేశాను నేను. కృపానందం గారు పరుగెత్తుకొచ్చి, సగం దూరంలో ఆగి, తల పట్టుకుని కూలబడ్డారు.

రత్నం తొడుగు లోంచి మోకాళ్ల మీద పాక్కుంటూ బయటికి వచ్చింది. జుట్టంతా చెమటకి మొహానికి అతుక్కుంది. జనానికి కట్టిన అడ్డుతాడు అవతల, అందరికంటే ముందు, పసుపు గౌను వేసుకున్న ఒక పాప నుంచుని వెక్కుతోంది. నేలమీద పడున్న బూడిదరంగు గుడ్డని చూసి, రత్నాన్ని చూసి, మళ్లీ గుడ్డని చూసింది.

"ఏనుగేదీ?" అంది. "ఏనుగెక్కడికి పోయింది?"

రత్నం పెదాలు కదిలాయి. నాలుక తడబడింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"ఎక్కడికీ ఎల్లనేదమ్మా," అంది. "ఇక్కడే ఉన్నాను కదా. ఏడవకు."

మాట! ఆ 'ఎల్లనేదు', ఆ సాగదీత, అచ్చం మొదటి రోజు గేటు నుంచి గది దాకా నన్ను తినేసిన గొంతే. నేను అక్కడే నేల మీద కూలబడి నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. స్వామీ, నా తల నీలాలు నీవే అనుకున్నాను. దాని భుజాలు పట్టి ఊపాను.

"రత్నం! ఒసే రత్నం! ఇంకోసారి అనుమే! నన్ను తిట్టు!"

తిరిగి చూడలేదు. నేను లేనట్టే ఉంది.

పాప అడ్డుతాడు కింద నుంచి దూరి దగ్గరికి వచ్చింది. భయం భయంగా చెయ్యి చాపి దాని చెంప ముట్టుకుంది.

"గున్నమ్మా?" అంది.

"ఊఁ," అంది రత్నం, కళ్లు మూసుకుని.

ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉంది. వచ్చే పోయే పిల్లలు గేటు సందులోంచి గున్నమ్మా అని పిలిస్తే "ఏటమ్మా" అంటోంది, ఏం తిన్నావని అడుగుతోంది, కబుర్లు చెబుతోంది. నేను రత్నం అని పిలిచి పిలిచి గొంతు పోయింది. లారీ ఎక్కేముందు ఒకసారి బయటి లైను కలుపుతామన్నారు. సన్యాసమ్మ పిన్నమ్మ ఎత్తగానే అడిగే మాట నాకు తెలుసు, నా పిల్ల మాట్లాడిందా అని. మాట్లాడిందనే చెప్పాలి.